మాగాణి మినుము, బెజవాడ వాయ

బెజవాడలో ఇడ్లీ ఎక్కడ బాగుంటుందని అడిగితే ఒక్క జవాబు దొరకదు. గాంధీనగర్ వాళ్లది ఒక మాట, సత్యనారాయణపురం వాళ్లది ఇంకో మాట, పటమట వాళ్లది మరో మాట. తాతల నాటి హోటల్ పేరు చెప్పేవాళ్లు కొందరు. తమ వీధి మొగలో తెల్లవారకముందే పొయ్యి వెలిగించే బండి ముందు ఇంకేదీ పనికిరాదనేవాళ్లు కొందరు. ఎవరి మాట ఎలా ఉన్నా, పొద్దున ఏడింటికి ఈ ఊళ్లో ఏ మూల నిలబడినా నాలుగడుగుల దూరంలో ఆవిరి కక్కుతున్న ఇడ్లీ పాత్ర కనిపిస్తుందన్నది మాత్రం నిజం. అది ఇక్కడే ఇంత బాగా ఎందుకు కుదురుతుందన్న ప్రశ్న పట్టుకుని బయల్దేరితే దారి హోటల్ గుమ్మం దగ్గర ఆగదు. వంటింట్లోంచి తెనాలి మిల్లుకు, మిల్లు నుంచి డెల్టా మాగాణికి, అక్కణ్నుంచి నూట డెబ్బై ఏళ్ల కిందట కృష్ణ మీద కట్టిన ఆనకట్టకు వెళ్తుంది.

జనం రోజూ తినే తిండి మీద ఇలాంటి వాదులాటలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. అమెరికాలో హాంబర్గర్ సంగతే చూడండి. మేమే మొదలుపెట్టామని కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లోని లూయీస్ లంచ్ అంటుంది. అంతకంటే ముందు, 1885లోనే మా ఊరి సంతలో అమ్మారని విస్కాన్సిన్‌లోని సీమోర్ అంటుంది. టెక్సాస్‌లోని ఏథెన్స్ కూడా ఆ పేరు తనదేనంటుంది. పుట్టుక సంగతి తేలకపోయినా, దాన్ని సామాన్యుడి చేతిలో పెట్టింది మాత్రం వైట్ క్యాజిల్. 1921లో కాన్సాస్ రాష్ట్రం విచిటాలో ఐదు సెంట్లకు ఒకటి చొప్పున అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికి పదిహేనేళ్ల ముందు అప్టన్ సింక్లెయిర్ రాసిన నవల మాంసం కర్మాగారాల మురికిని బయటపెట్టడంతో జనానికి కైమా అంటేనే అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం తీర్చడానికి వైట్ క్యాజిల్ వాళ్లు కొట్టుకు తెల్లరంగు వేసి, వంట కొనేవాడి కళ్ల ముందే చేసి పెట్టారు.

బెజవాడకు కూడా 1921 పెద్ద ఏడాదే. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడ సమావేశమైంది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీజీకి చూపించింది ఆ సందర్భంలోనే. మారుతి సినిమా హాలు వెలిసిందీ ఆ ఏడాదే. ఊరికి మనుషులు రావడం, ఆగడం, పని చూసుకుని వెళ్లడం ఎక్కువైన కాలమది. అలా వచ్చినవాళ్లకు కావలసింది మూడే: తక్కువ డబ్బు, తక్కువ సమయం, కడుపు చెడదన్న ధైర్యం. విచిటాలో ఆ ధైర్యం తెల్లటి గోడలు ఇచ్చాయి. ఇక్కడ ఆవిరి ఇచ్చింది. నూనె లేదు, నిలవ లేదు, పాత్ర మూత తీసిన క్షణంలో పళ్లెంలో పడుతుంది. రైలు దిగిన మనిషి ఎంత కొత్త ఊరైనా ఇడ్లీని నమ్ముతాడు.

గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ 1942లో మొదలైంది. వచ్చేవాళ్లంతా యజమానిని బాబాయ్ అని పిలవడంతో ఆ పిలుపే హోటల్ పేరైంది. అక్కడి ఇడ్లీకి గుర్తు వెన్నపూస. ప్లేటులో ఇడ్లీల మీద వెన్న ముద్ద పడగానే దాని అంచు ముందు కరుగుతుంది. నడిమి ముద్ద కాసేపు తెల్లగా అలాగే నిలుస్తుంది. కరిగిన వెన్న పక్కకు జారి కారప్పొడిలోకి దిగితే, అప్పటిదాకా ఇటుకపొడిలా మట్టిరంగులో ఉన్న పొడి తడిసి నిగనిగలాడే ఎరుపుకు తిరుగుతుంది. తినడం తెలిసినవాళ్లు ఆ కాసేపూ ఆగుతారు. ఇడ్లీని వేళ్లతో తుంచి చూడండి. పొడిపొడిగా రాలిపోకూడదు, జిగురుగా సాగకూడదు. తుంచిన చోట సన్నటి గుల్లలు కనపడాలి, ఆ గుల్లల్లోకి వెన్న ఇంకాలి. జంధ్యాల 1992లో బ్రహ్మానందం కథానాయకుడిగా తీసిన సినిమాకు ‘బాబాయ్ హోటల్’ అనే పేరే పెట్టారు. బెజవాడలో పెరిగి, ఇక్కడి నాటక సమాజాల్లోంచి సినిమాకు వెళ్లిన మనిషి ఆయన. ఒక టిఫిన్ హోటల్ పేరు సినిమా పేరు కాగలిగిందంటే, ఆ రెండు మాటలకు తెలుగునాట ఎంత చనువుందో అర్థమవుతుంది.

పాక ఇడ్లీది ఇంకో తీరు. బోర్డు మీద ఎస్‌ఎస్‌ఎస్ ఇడ్లీ అని ఉన్నా జనం నోట అది పాక ఇడ్లీయే. మాజీ ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు అక్కడికి వెళ్లి తిని, ఆ రుచిని మెచ్చుకుంటూ నలుగురికీ చెప్పడంతో దాని పేరు రాష్ట్రం దాటింది. అయితే ఒక్క మాట. ఈ పేరున్న హోటళ్లకు, పేరు లేని బండ్లకు మధ్య తేడా చాలామంది అనుకునేంత ఉండదు. మంచి ఇడ్లీ రహస్యంలో సగం వాయలోనే ఉంది. ఒకసారి ఆవిరికి ఎక్కించి దించేదాన్ని వాయ అంటారు. జనం తెగబడి తినే చోట వాయ మీద వాయ దిగుతుంటుంది. ఏ ఇడ్లీ కూడా పాత్ర బయట ఐదు నిమిషాలకు మించి ఎదురుచూడదు. అందుకే ఇక్కడివాళ్లు కొట్టు ముందు నిలబడి ముందుగా అడిగే మాట ధర గురించి కాదు. “బాబాయ్, వాయ దిగిందా?” అంటారు. దిగలేదంటే నిలబడతారు. దిగిందంటే వెంటనే “నెయ్యి వేసి రెండు, గట్టి చట్నీ” అనేస్తారు. నీళ్లు కలపకుండా ముద్దగా ఉంచిన చట్నీని గట్టి చట్నీ అనడం ఈ ప్రాంతపు అలవాటు. అది అడిగిన మనిషిని బండివాడు ఊరివాడి కిందే లెక్కేస్తాడు.

ఈ హోటళ్లకు జనాన్ని తెచ్చింది నీళ్లు, రైళ్లు, సినిమా. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్టతో కృష్ణ నీళ్లు రెండు పక్కలా కాలువల్లోకి మళ్లాయి. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనకు కెప్టెన్ ఛార్లెస్ ఓర్ రూపమిచ్చాడు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమనుంచే పారతాయి. ఇవి పంటకు మాత్రమే తవ్విన కాలువలు కావు. పడవలు బియ్యం బస్తాలు మోసుకుంటూ ఒక పక్క గోదావరి దాకా, ఇంకో పక్క బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా వెళ్లేవి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక మద్రాసు, హైదరాబాదు, కలకత్తా దారులు కలిసే చోటుగా బెజవాడ నిలబడింది. 1948 డిసెంబర్ 1న ఆకాశవాణి కేంద్రం వచ్చింది. ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లతో, ప్రచురణ సంస్థలతో నిండింది. గాంధీనగర్‌లో సినిమా పంపిణీదారుల ఆఫీసులు వరసకట్టాయి. రీలు పెట్టెలు పట్టుకుని పల్లెల నుంచి వచ్చే హాలు మనుషులు, ప్రూఫులు దిద్దించుకునే రచయితలు, రికార్డింగుకు వచ్చిన పాటగాళ్లు, ధాన్యం వ్యాపారులు, కోర్టు వాయిదాలకు వచ్చిన రైతులు, వీళ్లందరికీ పొద్దున ఒక చోటు కావాలి. టిఫిన్ హోటల్ బల్లే వాళ్ల ఆఫీసు.

ఆ బల్ల అందరిదీ కావడానికి కూడా కొంత చరిత్ర నడిచింది. స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు రాజధానిలోని పట్నాల్లో ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అన్న బోర్డులు మామూలు. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం చెప్పేది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం తన 15వ అధికరణంలో దుకాణాలను, భోజనశాలలను, హోటళ్లను పేరు పెట్టి మరీ అందరికీ తెరిచింది. ఇవాళ బండి చుట్టూ భుజం భుజం రాసుకుంటూ తింటున్న గుంపును చూస్తుంటే, రాజ్యాంగంలోని ఆ వాక్యం ఎంత పని చేసిందో కంటికి కనిపిస్తుంది. నాకు ఇడ్లీ బండి మీద ఉన్న గౌరవంలో సగం దీనివల్లే.

ఇక పొలానికి పోదాం. అసలు కథ అక్కడే ఉంది.

కృష్ణా డెల్టాలో సార్వా వరి నవంబర్, డిసెంబర్ నెలల్లో కోతకు వస్తుంది. తరువాత కాలువలు కట్టేస్తారు. నీళ్లుండవు. ఆ నీళ్లు లేని మాగాణిలోనే మినుము పండుతుంది, అదీ ఒక్క తడి కూడా పెట్టకుండా. ఎలాగంటే, వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే, పంట ఇంకా నిలబడి ఉండగానే, చేలోకి దిగి గింజలు వెదజల్లుతారు. ఆ రోజు ఏదో తేల్చేది నేల పదును. అడుగు వేస్తే పాదం అచ్చు పడాలి, ఆ అచ్చులోకి నీరు ఊరకూడదు. పదును ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, తక్కువైతే మొలవదు. వరి కోసి పనలు పరిచేసరికి గింజ పగిలి ఉంటుంది. నాలుగైదు రోజులకు పనలు తీసి కుప్ప వేసేటప్పటికి, వరి మోళ్ల మధ్య లేత మొక్కలు రెండాకులు విప్పుకుని కనపడతాయి. దున్నడం లేదు, విత్తే గొర్రు లేదు, కాలువ లేదు. వరి వదిలివెళ్లిన చెమ్మ, పైన కురిసే పుష్య మాసపు మంచు, ఇవే దానికి ఆధారం. డెబ్బై ఐదు, ఎనభై రోజుల్లో కాయ నల్లబడుతుంది. పైగా వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి, తరవాతి వరికి ఎంతో కొంత ఎరువు మిగిల్చి పోతుంది. మన డెల్టా రైతు కనిపెట్టిన తెలివైన సేద్యాల్లో దీన్ని మొదటి వరసలో పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ సేద్యం నిలబడటం వెనుక శాస్త్రవేత్తల కష్టం ఉంది. చలికాలంలో మంచుతో పాటు వచ్చే బూడిద తెగులు ఒకప్పుడు మాగాణి మినుమును తుడిచిపెట్టేది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం నుంచి 1980ల్లో ఎల్‌బీజీ-17 రకం వచ్చింది. కృష్ణయ్య అన్న పేరుతో రైతుల్లోకి వెళ్లింది. బూడిద తెగులును తట్టుకోవడమే దాని గొప్ప. తరవాత పల్లాకు తెగులు పట్టుకుంది. తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్‌కు ఆకులు పసుపు మచ్చలు తేలి, చేను మొత్తం పసుపు పూసినట్టు మారిపోతుంది. దాన్ని తట్టుకునే రకాల్లో తిరుపతి నుంచి వచ్చిన టీబీజీ-104తో పాటు, కృష్ణా జిల్లాలోని ఘంటసాల కేంద్రం ఇచ్చిన జీబీజీ-1 కూడా ఉంది. శిల్పాలకూ బౌద్ధ స్తూపానికీ పేరుపడ్డ ఆ ఊరికి, మన పొద్దుటి పళ్లెంతో ఇలా కూడా చుట్టరికం కలిసింది.

ఇప్పుడు కొత్త కష్టం యంత్రం రూపంలో వచ్చింది. కూలీలు కొడవళ్లతో కోసే రోజుల్లో ముందే చల్లిన గింజకు ఇబ్బంది లేదు. కోత యంత్రం దిగితే దాని చక్రాల కింద మొలక నలిగిపోతుంది. నేల గట్టిబడుతుంది. అందుకని యంత్రం వెళ్లాక విత్తుకోవలసి వస్తోంది, ఈలోగా పదును జారిపోతోంది. పశ్చిమ డెల్టాలో చాలామంది రైతులు మినుము వదిలి మొక్కజొన్న, జొన్న వైపు వెళ్లారు. రైతును తప్పుపట్టడానికి లేదు. దిగుబడి నిలకడగా ఉన్న పంటకే అప్పిచ్చినవాడు నిలబడతాడు. కానీ మినుము తగ్గితే డెల్టా ఇడ్లీ తన సొంత గింజను పోగొట్టుకుంటుంది. అది చిన్న నష్టమని నేను అనుకోను.

పొలం నుంచి మినుములు మిల్లుకు చేరతాయి. ఈ ప్రాంతంలో మినప మిల్లులకు పేరుపడ్డ ఊరు తెనాలి. గింజను ముందు రాపిడి రాళ్ల మీద తిప్పి పొట్టుకు గీతలు పెడతారు. కాస్త నూనె పట్టించి కళ్లాల్లో ఎండబెడతారు. మళ్లీ తిప్పితే పొట్టు ఊడి, పప్పు చెదరకుండా గుండుగా బయటికి వస్తుంది. అవే మినపగుండ్లు. విరిగినవి బద్దలు. ఇడ్లీకి గుండ్లే కావాలని హోటలువాళ్లు పట్టుబడతారు. కొత్త పంట గుండ్లు రుబ్బితే పిండి ఎక్కువ వస్తుంది. ఏడాది దాటిన పప్పు ఎంత రుబ్బినా పొంగు తక్కువ. ఇళ్లలో పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ పొట్టు మినపప్పు నానబెట్టి, చేతులతో పిసికి, నీళ్లు వంచుతూ పొట్టు తేల్చేస్తారు. కొంచెం పొట్టు మిగిలినా పట్టించుకోరు. పిండి త్వరగా పులుస్తుందంటారు.

ఆ మాట ఉత్త నమ్మకం కాదు. మనం ఇడ్లీ పిండిలో ఈస్టు వేయం, పొంగించే పొడి వేయం. అయినా రాత్రి సగం గిన్నెగా ఉన్న పిండి తెల్లారేసరికి అంచు దాటుతుంది. ఆ పని చేసేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. అది పప్పు మీదే ఉంటుంది. నానబెట్టినప్పుడు మేలుకుంటుంది, రుబ్బాక రాత్రంతా బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. 1960ల్లోనే ప్రయోగశాలలో ఈ సంగతి తేల్చారు. మరి వాయువు బయటికి పోకుండా పిండిలో ఎలా నిలుస్తుంది? అక్కడే మినుము గొప్పంతా. దాని పిండిలో ఉండే జిగురు పదార్థం, మాంసకృత్తులు కలిసి సన్నటి బుడగల గోడలు కడతాయి. ఆవిరి తగలగానే ఆ గోడలు గట్టిపడతాయి. శనగపప్పుతోనో కందిపప్పుతోనో ఇంత మెత్తన రాకపోవడానికి కారణం ఇదే. పిండి సరిగ్గా నలిగిందో లేదో చూడటానికి ఇళ్లలో ఒక పరీక్ష ఉంది. గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పిండి అందులో వదులుతారు. తేలితే రుబ్బు అయినట్టు. మునిగితే ఇంకా గాలి పట్టలేదని అర్థం.

ఆంధ్రా ఇడ్లీ తమిళ ఇడ్లీకి వేరుపడేది రవ్వ దగ్గర. తమిళనాడులో ఉప్పుడు బియ్యం కూడా నానబెట్టి రుబ్బుతారు. మనవాళ్లు మినపపిండి మాత్రం రుబ్బి, ఉప్పుడు బియ్యం రవ్వను కడిగి, నీళ్లు పిండి, అందులో కలుపుతారు. ఒక పాలు పప్పుకు రెండు పాళ్లు రవ్వ సాధారణ లెక్క. అందుకే మన ఇడ్లీలో నాలుకకు తగిలీ తగలని పలుకు ఉంటుంది. రుబ్బురోలు, పొత్రం ఉన్న రోజుల్లో హోటల్లో రుబ్బడమే ఒక మనిషి పూర్తి ఉద్యోగం. 1950ల్లో కోయంబత్తూరులో తయారైన వెట్ గ్రైండర్ మెల్లగా ఆ చాకిరీని తప్పించింది. రాయి మాత్రం రాయిగానే మిగిలింది. బ్లేడుతో తిరిగే మిక్సీ పిండిని వేడెక్కిస్తుందని హోటలువాళ్లు ఇప్పటికీ దాని జోలికి పోరు.

చరిత్రలో ఇంకా వెనక్కి వెళ్తే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. సుమారు 920 నాటి కన్నడ గ్రంథం ‘వడ్డారాధనె’లో ఇడ్డలిగె అన్న వంటకం ఉంది. కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడి పేర ఉన్న ‘మానసోల్లాసం’ 1130 ప్రాంతపుది. అందులోనూ ఇడ్డరిక కనిపిస్తుంది. వీటిలో ఉన్నది మినుము మాత్రమే, బియ్యం ఊసు లేదు. అంటే ఇడ్లీకి మూలం మినుమే, బియ్యం తరవాత వచ్చి చేరింది. పుస్తకాల్లో ఈ సంగతి చదివి పల్లె వంటింట్లోకి తొంగి చూస్తే ఆవిరి కుడుము కనపడుతుంది. గిన్నె మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, ఉత్త మినపపిండి దాని మీద పోసి ఆవిరికి ఉడికిస్తారు. వెడల్పుగా, తెల్లగా, మందంగా దిగుతుంది. నెయ్యి, బెల్లం పానకం పక్కన ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ఎదిగే ఆడపిల్లలకు నడుము గట్టిపడాలని దీన్నీ, మినప సున్నుండలనూ ప్రత్యేకంగా చేసి పెట్టే అలవాటు డెల్టా ఇళ్లలో ఇంకా పోలేదు. వెయ్యేళ్ల కిందటి పుస్తకాల్లోని వంటకానికి దీనికంటే దగ్గరి చుట్టం నాకు కనపడలేదు.

పక్కన వేసే వాటి గురించి చెప్పకపోతే బెజవాడ నన్ను క్షమించదు. నది దాటితే గుంటూరు. గుంటూరు సన్నం మిరపకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు, వేయించిన పప్పులు కలిపి దంచిన కారప్పొడి లేని ఇడ్లీ ఈ ఊళ్లో సగం ఇడ్లీయే. దాని పక్కన అల్లం పచ్చడి. అల్లం మంట, చింతపండు పులుపు, బెల్లం తీపి మూడూ ఒకదాన్నొకటి మింగేయకుండా నిలబడాలి. బెల్లం ఒక పిసరు ఎక్కువైతే పాకమవుతుంది, తక్కువైతే మందవుతుంది. హోటల్ ఎలాంటిదో తేల్చుకోవడానికి నేను సాంబారు రుచి చూడను, అల్లం పచ్చడి రుచి చూస్తాను.

సాయంత్రమైతే సీను మారుతుంది. అదే పిండి పునుగులవుతుంది. పొద్దుటి పిండి మధ్యాహ్నం ఎండకు ఇంకాస్త పులుస్తుంది. అందులో జీలకర్ర, తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి వేసి, కాస్త పిండి కలిపి గట్టి చేస్తారు. కళాయి దగ్గర నిలబడ్డ మనిషి చేయి చూడటమే ఒక వేడుక. గుప్పిట్లోకి పిండి తీసుకుని, బొటనవేలితో చిన్న చిన్న ముద్దలుగా నూనెలోకి జారవిడుస్తాడు. చూపు మాత్రం కొనేవాళ్ల మీదే ఉంటుంది. ముద్ద ముందు మునిగి, పైకి తేలి, తనంతట తానే దొర్లి రెండో వైపు కాల్చుకుంటుంది. పైన కరకర, లోపల మెత్తన, కొరికితే ఆ పులుపు. కాగితంలో పోసి మీద చట్నీ వేసి ఇస్తే, సినిమా హాలు గేటు దగ్గరా, కాలువ గట్టు మీదా నిలబడి తినేస్తారు. నడుస్తూ చేత్తో తినే తిండి అమెరికావాడికి బర్గరైతే, బెజవాడవాడికి పునుగు. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెజవాడ ఇడ్లీ, పునుగు ఏ గుర్తింపూ లేకుండానే రోజూ లక్షల నోళ్లలో పడుతున్నాయి.

చూడదలచినవాళ్లకు కొన్ని సంగతులు. విజయవాడ రైల్వేస్టేషన్ నుంచి గాంధీనగర్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు, బరువు లేకపోతే నడిచే వెళ్లొచ్చు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల వెళ్తే వాయలు వెంటవెంటనే దిగుతుంటాయి. తొమ్మిది దాటాక, ఆదివారాలు మరీ, నిలబడక తప్పదు. వెన్న, నెయ్యి మీకు ఎంత కావాలో ముందే చెప్పండి, లేకపోతే ధారాళంగానే పడుతుంది. తిన్నాక ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లండి. పాత ఆనకట్ట 1952లో తెగిపోయాక దాని దగ్గరే కట్టి 1957లో పూర్తిచేసిన ఈ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. సుమారు 13 లక్షల ఎకరాలకు ఇక్కడి నుంచే నీళ్లు వెళ్తాయి.

మాగాణి మినుము చూడాలంటే డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా సమయం. బందరు రోడ్డు పట్టి ఉయ్యూరు మీదుగా పామర్రు వెళ్లి, కూచిపూడి దారిలో చల్లపల్లి వైపు తిరిగితే రోడ్డుకు రెండు పక్కలా వరి మోళ్ల మధ్య పచ్చగా పరుచుకుని ఉంటుంది. ఆ దారిలోనే కాస్త లోపలికి వెళ్తే ఘంటసాల, అక్కడి మ్యూజియం. తెనాలికి విజయవాడ నుంచి రైళ్లు చాలా ఉన్నాయి, దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. కొత్త పంట గుండ్లు మార్చి నుంచి అంగళ్లలోకి వస్తాయి. కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసేవాటి వైపు పోకుండా, కాస్త మట్టి తెలుపులో ఉండి, గుప్పెడు తీసుకుని పీలిస్తే పచ్చి వాసన తగిలేవి తీసుకోండి. నాలుగైదు గంటలకు మించి నానబెట్టకండి. రుబ్బేటప్పుడు నీళ్లు కొంచెం కొంచెంగా చల్లండి, చన్నీళ్లే.